ఎస్‌బీఐ ఒక్కరోజులో 905 నుంచి 775: ఉంచాలా, తీసేయాలా?

నరసరావుపేట_మందులకొట్టు | 2024 జూన్ 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి బుర్ర పనిచేయడం లేదు. కాస్త పొడుగ్గా రాస్తున్నా, విసుక్కోకండి.

నాది నరసరావుపేటలో మందుల షాపు. పోలింగ్ నాటి గొడవల దగ్గర్నుంచి మా జిల్లాలో 144 సెక్షన్. ఇవాళ లెక్కింపు కావడంతో వీధంతా మూత. మాది మందుల షాపు కాబట్టి సగం షట్టరు లేపి కూర్చున్నా. గిరాకీ లేదు. టీవీలో పైన రాష్ట్రం లెక్క, పక్కన కేంద్రం లెక్క, కింద పట్టీలో సెన్సెక్స్. పైది చూసి మా షాపు కుర్రాడు ఎగురుతున్నాడు. నా కళ్ళు కింది పట్టీ మీద. రాష్ట్రంలో 175కి టీడీపీ కూటమికి 164 అంటున్నారు, ఢిల్లీ కుర్చీకి మనోళ్ళ 16 ఎంపీ సీట్లే దిక్కంటున్నారు. "మనకి మంచి రోజులు సార్" అని వాడు అనేసరికి నా ఎస్‌బీఐ 13 శాతం కిందకి పోయి ఉంది. ఎవరికి ఓటేశానో మాత్రం అడక్కండి.

నా లెక్క ఇది. మొత్తం 600 షేర్లు. మొదటి 300 లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్లో 186 చొప్పున కొన్నా. అప్పుడు మా వీధిలో తెరిచి ఉన్నవి రెండో మూడో షాపులు, అందులో మాదొకటి. శానిటైజర్లూ మాస్కులూ అమ్మిన డబ్బు అది. నిరుడు 574కి ఇంకో 200. చివరి 100... నిన్న. 902కి.

శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ చూశా. ఎవర్ని చూసినా ఎన్డీయేకి 350 పైమాటే. సోమవారం సెన్సెక్స్ 2,500 పాయింట్లు లేచింది. అందరూ బంతిలో కూర్చుని తింటుంటే నేనొక్కణ్ణే గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. 4వ తేదీకి ముందే కొనుక్కోండి అని మే నెలలో కేంద్ర హోంమంత్రి గారే అన్నారు గదా, ఇంకేం కావాలి అనుకున్నా. ఇవాళ సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడింది. నా ఖాతాలో సుమారు 78 వేలు ఒక్క పూటలో తగ్గింది. మా నెల సంపాదన కంటే ఎక్కువ.

మొత్తం మీద ఇంకా లాభంలోనే ఉన్నానని తెలుసు. అయినా భయం. పాప ఎంసెట్ రాసింది, ఫలితాలు ఇంకా రాలేదు. ఆగస్టులో ఫీజూ హాస్టలూ కలిపి రెండు లక్షల పైన కావాలి. సంకీర్ణ ప్రభుత్వం నిలబడుతుందా? ప్రభుత్వ బ్యాంకు షేర్లు మళ్ళీ పాత రోజుల్లోకి పోతాయా? రేపు పొద్దున్నే నిన్నటి 100 వదిలించుకుందామని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

కాల్‌పుట్ | రాత్రి 10:05

అన్నా, మీరు 78 వేలు తగ్గిందని రాశారు. అది కాగితం మీద లెక్క. నేను నిన్న కాల్స్ (ధర పెరుగుతుందని కాసే పందెం లాంటివి) కొన్నా, ఇవాళ పదకొండింటికల్లా అవి సున్నా. మీ షేర్లు కనీసం రేపు పొద్దున కూడా అక్కడే ఉంటాయి. నన్ను సలహా అడక్కండి గానీ ఒక్క మాట. రేపు మార్కెట్ తెరిచిన మొదటి అరగంట ఏ బటనూ నొక్కకండి.

---

రిటైర్డ్_ఫీల్డాఫీసర్ | రాత్రి 10:50

నమస్తే అండీ. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ బ్యాంకులో చేసి దిగాను. మీది కాదు, వేరే బ్యాంకు. నా దగ్గరా ఎస్‌బీఐ షేర్లు ఉన్నాయి, కాబట్టి నా మాటలో కొంత స్వార్థం ఉందనుకునే చదవండి.

ముందు, ఇవాళ ఎందుకు పడింది. ఎస్‌బీఐ ఒక్కటే కాదు, ప్రభుత్వ బ్యాంకుల సూచీ మొత్తం 15 శాతం పడింది. ఒక్క పార్టీకే మెజారిటీ వస్తుంది, రోడ్లూ రైళ్ళూ కరెంటు ప్రాజెక్టులూ ఇదే జోరులో సాగుతాయి, అప్పులిచ్చేది ఈ బ్యాంకులే అని ఏడాదిగా జనం కొంటూ వచ్చారు. 272 కావాల్సిన చోట బీజేపీ 240 దగ్గర ఆగేసరికి ఆ ఆశకి పెట్టిన ధర దిగిపోయింది. నిన్న పెరిగిన 9 శాతం కూడా అందులోదే. బ్యాంకు పుస్తకాల్లో నిన్నటికీ ఇవాళ్టికీ ఒక్క అప్పు కూడా మొండి బాకీ కాలేదు.

అలాగని భయం ఉత్తదేం కాదు. 2014లో నేను ప్రకాశం జిల్లాలో ఒక పల్లె శాఖలో ఉన్నా. మాఫీ అనే మాట ఎన్నికల సభల్లో వినబడ్డ వారం నుంచే పంట రుణాల రెన్యువల్‌కి మనిషి రావడం మానేశాడు. బంగారం కుదువ పెట్టి తీసుకున్నవాళ్ళు కూడా "అది కూడా మాఫీలోకి వస్తుందంట గదా సార్" అని నగ విడిపించుకోకుండా ఊరుకున్నారు. ఇంటికి వెళితే మజ్జిగ ఇచ్చేవాళ్ళు, కుర్చీ వేసేవాళ్ళు, డబ్బు మాట ఎత్తితే "సర్కారు కడతది గదా" అనేవాళ్ళు. సర్కారు కట్టింది, విడతలు విడతలుగా. ఈలోగా వడ్డీ పెరిగింది, రైతు డిఫాల్టర్ అయ్యాడు, కొత్త అప్పు ఇవ్వడానికి నా చేతులు కట్టేసినట్టయింది. ఇప్పుడు తెలంగాణలో ఆగస్టు 15 లోపు రెండు లక్షల మాఫీ అంటున్నారు, చూడాలి. సంకీర్ణం అనగానే మార్కెట్‌కి గుర్తొచ్చేది ఇదే.

కానీ ఎస్‌బీఐని నిజంగా ముంచినంత పని చేసింది ఈ రైతులు కాదండీ. 2018 జనవరి-మార్చి మూడు నెలల్లోనే ఆ బ్యాంకు 7,718 కోట్లు నష్టం చూపించింది. స్థూల ఎన్‌పీఏలు, అంటే మొండి బాకీలు, మొత్తం అప్పుల్లో 10.91 శాతం. స్టీలు, కరెంటు కంపెనీల పెద్ద పెద్ద ఖాతాలు అవి. అప్పుడు ఢిల్లీలో ఉన్నది సంకీర్ణం మీద ఆధారపడ్డ ప్రభుత్వం కాదు, పూర్తి మెజారిటీ ప్రభుత్వం. ఈ మార్చికి అదే బ్యాంకు ఎన్‌పీఏలు 2.24 శాతం, ఏడాది లాభం 61,077 కోట్లు. నేనైతే సీట్ల కంటే ఈ ఎన్‌పీఏ లెక్కనే మూడు నెలలకోసారి చూస్తా.

2004 మే 17 కూడా గుర్తుంది. ఆ రోజు ట్రేడింగే ఆపేశారు, రెండుసార్లు. వామపక్షాల మద్దతుతో ప్రభుత్వం అనగానే అంత గగ్గోలు. ఆ ప్రభుత్వం అయిదేళ్ళూ ఉంది, మార్కెట్టూ పెరిగింది.

ఇక మీరు "నిన్నటి 100 వదిలించుకుంటా" అన్నారు. అది కుదరదు. డీమ్యాట్‌లో, అంటే షేర్లుండే ఆన్‌లైన్ ఖాతాలో, ముందు చేరినవే ముందు పోయినట్టు లెక్క. రేపు మీరు 100 అమ్మితే పన్ను శాఖ దృష్టిలో పోయేవి 186కి కొన్న పాతవే. 902 రకం అలాగే కూర్చుంటుంది.

ఒక ప్రశ్న, ఏమీ అనుకోకండి. నిన్నటి ఆ 90 వేలు ఎక్కడివి?

---

సికింద్రాబాద్_పాత_ఎస్‌బీహెచ్ | రాత్రి 11:20

ఫీల్డాఫీసర్ గారితో సగమే ఒప్పుకుంటా. లెక్కలు బాగున్నప్పుడు ప్రభుత్వ బ్యాంకు బంగారం, కానీ ఇవాళ్టికి (2024) అందులో 57 శాతం వాటా సర్కారుదే అని మర్చిపోతాం. మనలాంటి చిన్న వాటాదారు ఆ ఇంట్లో అద్దెకున్నవాడే, గోడ కొట్టేసినా అడగలేడు. 2017 ఏప్రిల్ 1న మా స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌ని ఎస్‌బీఐలో కలిపేశారు, గన్‌ఫౌండ్రీలో బోర్డు మారిపోయింది, మమ్మల్ని ఎవడు అడిగాడు? మొన్న ఎలక్టోరల్ బాండ్ల (పార్టీలకిచ్చిన విరాళాల) వివరాలు బయటపెట్టడానికి ఇదే బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది, మార్చి 11న సుప్రీంకోర్టు కుదరదంది. ఆ బ్యాంకు ఎవరి మాట వింటుందో తెలియడానికి అది చాలదూ?

నా మాట: సగం తీసేసి ప్రైవేటు బ్యాంకులో పెట్టండి.

---

కాల్‌పుట్ | రాత్రి 11:31

ప్రైవేటు అయితే పడదా సార్? జనవరి 17న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఒక్కరోజే 8 శాతం పడింది. ఆ రోజు ఎన్నికలూ లేవు, లెక్కింపూ లేదు. నేను అప్పుడూ ఉన్నా లెండి, అన్ని చోట్లా ఉంటా.

---

మా_నాన్న_సర్టిఫికెట్ | జూన్ 5, ఉదయం 6:15

డల్లాస్ నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు తెనాలిలో స్కూలు మాష్టారు. 1993 డిసెంబర్లో ఎస్‌బీఐ మొదటిసారి జనానికి షేర్లు అమ్మినప్పుడు వందకి 100 షేర్లు తీసుకున్నారు. పది వేలు ఆయనకి చిన్న మొత్తం కాదు, అమ్మ నెలరోజులు మాట్లాడలేదట. 2014లో ఒకటి పదిగా విడగొట్టాక అవి 1,000 అయ్యాయి. నాన్న పోయాక ఆ కాగితం సర్టిఫికెట్లు డీమ్యాట్ చేయించడానికి నేను పడ్డ తిప్పలు వేరే కథ. మీరందరూ ఇవాళే నామినీ పేరు సరిచూసుకోండి, ప్లీజ్.

ఆయన అమ్మకపోవడం తెలివి అనుకోవద్దు అన్నయ్యా. ధర చూసే అలవాటే లేదాయనకి, పేపర్లో ఆ పేజీ మడిచి పొట్లాలు కట్టేవారు. కానీ నా కాలేజీ ఫీజు మాత్రం ఎప్పుడూ పోస్టాఫీసు డబ్బులోంచే వచ్చింది.

---

నరసరావుపేట_మందులకొట్టు | జూన్ 5, ఉదయం 7:50

రాత్రి నిద్ర లేదు. మీ అందరివీ రెండుసార్లు చదివా.

ఫీల్డాఫీసర్ గారూ, సూటిగా అడిగారు కాబట్టి చెబుతా. ఆ 90,200 నాది కాదు. గుంటూరు స్టాకిస్టుకి కట్టాల్సిన సరుకు డబ్బు. పదో తారీకు గడువు. ఎలాగూ వారంలో పెరుగుతుంది, అసలు తీసి బిల్లు కట్టేసి, పైన మిగిలింది మాదనుకున్నా. గడువు దాటితే ఆయన సరుకు ఆపడు, పదిహేనేళ్ళ స్నేహం. కానీ నన్ను చూసే చూపు మారుతుంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

---

రిటైర్డ్_ఫీల్డాఫీసర్ | ఉదయం 8:20

అనుకున్నానండీ. ముప్పై ఏళ్ళు క్యాష్ క్రెడిట్ ఖాతాలు, అంటే వ్యాపారులు సరుకు కోసం తీసుకునే అప్పులు, చూసిన కన్ను ఇది. సరుకు డబ్బు ఎక్కడికి పోతుందో వాసన పట్టేస్తుంది.

అయితే మీ ప్రశ్న ఎస్‌బీఐ మంచిదా కాదా అన్నది కానే కాదు. పదో తారీకులోపు 90 వేలు కావాలి, అంతే. దానికి బ్యాంకు భవిష్యత్తు తేల్చాల్సిన పని లేదు.

165 షేర్లు అమ్మండి. 186 లెక్కన మీ లాభం లక్ష లోపే ఉంటుంది. ఇప్పటి (2024 జూన్) రూలు ప్రకారం ఏడాది దాటిన షేర్ల మీద లక్ష దాకా లాభానికి పన్ను లేదు, ఈ ఏడాది వేరే ఏదీ అమ్మకపోతే. చేతికి లక్షా పాతిక వేల పైన వస్తుంది. స్టాకిస్టుకి కట్టేయగా 35 వేలకి తక్కువ కాకుండా మిగులుతుంది, దాన్ని ఫీజు కోసం పక్కన పెట్టండి. 300 మొత్తం అమ్మితే లక్ష పైన ఉన్న లాభం మీద 10 శాతం కట్టాలి. ఏడెనిమిది వేలు ఊరికే పోతుంది. మిగతా ఫీజుకి మీకు వేరే దారి ఏదైనా ఉందా?

---

నరసరావుపేట_మందులకొట్టు | ఉదయం 8:34

చీటీ ఒకటి ఉంది. అయిదు లక్షలది, ఇంకా పాడలేదు. కూతురి పెళ్ళికని దాచా.

---

రిటైర్డ్_ఫీల్డాఫీసర్ | ఉదయం 8:36

పిల్లకి పదిహేడేళ్ళు. పెళ్ళి మాట తర్వాత. జులైలో పాడండి.

---

నరసరావుపేట_మందులకొట్టు | జూన్ 7, రాత్రి 9:15

అప్‌డేట్. బుధవారం కాల్‌పుట్ తమ్ముడు చెప్పినట్టు మొదటి అరగంట ఫోను క్యాష్ డ్రాయర్లో పెట్టి తాళం వేశా. తర్వాత 165 అమ్మా, 780 అటూ ఇటూగా పోయాయి. డబ్బు రాగానే ఇవాళ స్టాకిస్టుకి కట్టేశా. గడువుకి మూడు రోజులుంది గదా, ఇంత తొందరేంటి, అంతా బాగేనా అని అడిగాడు.

ఇవాళ సెన్సెక్స్ 76,693 దగ్గర ముగిసింది. సోమవారం ఎక్కడుందో అంతకన్నా పైన! నాలుగు రోజుల్లో తిరిగి మొదటికొచ్చింది. ఎస్‌బీఐ కూడా మళ్ళీ 800 దాటింది. ఆగుంటే ఇంకాస్త ఎక్కువొచ్చేది. అయినా బుధవారం రాత్రి పడుకున్నంత హాయిగా ఈ మధ్య పడుకోలేదు. మిగిలిన 435 ఉంచా. సికింద్రాబాద్ గారూ, మీ మాట కొట్టిపారేయడం లేదు. కొత్తగా మాత్రం ప్రభుత్వ బ్యాంకు కొనను, ఉన్నవాటి ఎన్‌పీఏ లెక్క మూడు నెలలకోసారి చూస్తా.

మా కుర్రాడు మాత్రం రోజూ చంద్రబాబు కుటుంబం కంపెనీ హెరిటేజ్ ఫుడ్స్ ధర చదివి వినిపిస్తున్నాడు. "అది కొనాల్సింది సార్, మీకు మన రాష్ట్రం మీద నమ్మకం లేదు" అంటాడు.

మా ఆవిడకి చెప్పేశా. అంతా విని, "అయితే చీటీ నా పేరున మార్చండి" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అదే భయంగా ఉంది.

ఇంకొక చిన్న సందేహం. డివిడెండ్ పడింది. షేరుకి 13.70 లెక్కన 600కి 8,220 రావాలి గదా. 6,165 మాత్రమే వచ్చింది. ఎక్కడ పోయింది?

---

రిటైర్డ్_ఫీల్డాఫీసర్ | రాత్రి 9:40

రికార్డు తేదీ, అంటే డివిడెండ్ ఎవరికివ్వాలో చూసే రోజు, మే 22. ఆ రోజుకి మీ దగ్గర ఉన్నవి 500 మాత్రమే. 902వి అప్పటికి పుట్టలేదు. 500కి 6,850. ఇప్పటి (2024) రూలు ప్రకారం డివిడెండ్ 5,000 దాటింది కాబట్టి 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను), అంటే 685 కోశారు. రిటర్నులో చూపించండి, మీ ఆదాయాన్ని బట్టి వెనక్కి రావచ్చు.

---

కాల్‌పుట్ | రాత్రి 9:52

వదినగారు డబ్బు చూసుకుంటానంటే నా ఖాతా పాస్‌వర్డ్ కూడా పంపిస్తా అన్నా.