చంటిబిడ్డ బట్టలు ఇంట్లో కుట్టాలా, కొనాలా?

కావలి_అమ్మమ్మ:
మా అమ్మాయికి ఏడో నెల. పురుడు మా ఇంట్లోనే. జుబ్బాలు, టోపీలు, లంగోటీలు, ఒక చిన్న బొంత కుడదామని మిషను తుడిచి నూనె పోశాను. "అమ్మా, నువ్వేమీ కుట్టొద్దు, అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను" అంటోంది. ఇంట్లో కుట్టిన వాటికి నాడాలుంటాయట, మెడకు చుట్టుకుంటాయట. తనకూ తమ్ముడికీ నేను కుట్టినవే వేశాను. బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు సిద్ధం చేయకూడదని మా ఇళ్లల్లో పట్టింపు ఉంది, పాత చీరతో అయితే పర్వాలేదు అంటారు. మా అమ్మవి రెండు పాత వెంకటగిరి చీరలున్నాయి. పైసా ఖర్చు లేదు. కుట్టనా, మానుకోనా?

ఒంగోలు_కుట్టుమిషన్:
కుట్టండమ్మా. వెంకటగిరి నూలు చీర అంటే 100 కౌంటు నూలు, చాలా సన్నటి పోగు. ఏళ్ల తరబడి ఉతికిన చీర కాబట్టి గంజి ఉండదు, దిగాల్సిన రంగు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. అంత మెత్తటి గుడ్డ ఏ షాపులోనూ దొరకదు. జరీ అంచు మాత్రం పూర్తిగా కత్తిరించి తీసేయండి, ఒక్క పోగు మిగిలినా గుచ్చుకుంటుంది.

పుట్టిన బిడ్డకు ఛాతీ కంటే తల పెద్దది. ఛాతీ చుట్టూ 13 అంగుళాలుంటే తల చుట్టూ 14 దాకా ఉంటుంది. అందుకే తల మీంచి తొడిగే మోడల్ వద్దు. ముందు తెరిచి, ముందు భాగంలో ఒక ముక్క మీద ఇంకో ముక్క అడ్డంగా వేసి, పక్కన నాడా కట్టేలా కుట్టండి. కుట్టు అంచులు బయటికి రానివ్వండి. చూపుకు బాగుండదు గానీ ఒంటికి ఒరుసుకోదు. షాపులో కొన్న వాటికి లోపల మెడ దగ్గర లేబుల్ ఉంటుంది చూడండి, నెలల పిల్లలు సగం ఏడుపు దానికే ఏడుస్తారు.

పెన్నా_ఒడ్డు:
అమ్మాయి చెప్పిందే నిజం. మీరంతా నాడా విషయం దాటేస్తున్నారు. యూరప్‌లో ఈఎన్ 14682 అని ఒక ప్రమాణం ఉంది. 7 ఏళ్లలోపు పిల్లల బట్టలకు మెడ దగ్గర, బట్టకే కలిపి కుట్టిన టోపీ (హుడ్) దగ్గర తాళ్లు ఉండకూడదు. అమెరికాలో 1996లోనే పిల్లల స్వెట్టర్లకు, కోట్లకు మెడ తాళ్లు తీసేయమని మార్గదర్శకాలు ఇచ్చారు. జారుడుబల్లలకు తాడు తగులుకుని పిల్లల ప్రాణాలు పోయాకే ఇవన్నీ వచ్చాయి. మనకు మాత్రం "మా కాలంలో ఏమీ కాలేదు" అనే ఒక్క మాట సరిపోతుంది.

ఉదయగిరి_కొండ:
నాడాకి ఇంత భయపడేవాళ్లు మొలతాడు కట్టకుండా ఉంటారా?

ఒంగోలు_కుట్టుమిషన్:
@పెన్నా_ఒడ్డు మీరు చెప్పేది మెడ చుట్టూ గొట్టంలో దూర్చి లాగే తాడు గురించి. నేను చెప్పింది నడుము పక్కన 4 అంగుళాల గుడ్డ నాడా. అది మెడ దాకా ఎలా వస్తుంది? జారుడుబల్ల ఎక్కే పిల్లకూ ఉయ్యాలలో పడుకున్న బిడ్డకూ ఒకటే లెక్క కడితే ఎలా?

పెన్నా_ఒడ్డు:
4 అంగుళాలని మీరు రాశారు. కావలిలో కూర్చున్న అమ్మమ్మగారు పాతకాలం కొలతతో మెడ వెనక రెండు జానలు వదిలి కడితే? మా ఇంట్లో ఉన్న పాత జుబ్బాలన్నిటికీ నాడాలు మెడ వెనకే. పక్కన కట్టినా బిడ్డ పట్టుకుని నోట్లో పెట్టుకుంటుంది. టిచ్ బటన్ ఉండగా నాడా ఎందుకు? నాకు దీనికి జవాబు చెప్పండి.

ఒంగోలు_కుట్టుమిషన్:
చెబుతాను. టిచ్ బటన్ పల్చటి గుడ్డ మీద నిలవదు. వెనక రెండో పొర వేసి బిగించాలి, లేకపోతే నాలుగు ఉతుకులకే గుడ్డతో సహా ఊడి వస్తుంది. మా వీధిలో ఒకావిడ ఆన్‌లైన్‌లో కొన్న సెట్‌లో బటన్ ఊడి బిడ్డ గుప్పిట్లో దొరికింది. నోట్లోకి పోయి ఉంటే? నాడా ఊడితే గుడ్డ ముక్క, బటన్ ఊడితే ఆసుపత్రి.

పల్లె_నర్సు:
ఇద్దరి మాటలోనూ పాయింట్ ఉంది, కానీ ఇది పోటీ కాదు. మూడేళ్ల లోపు పిల్లలకు మింగేంత చిన్నది ఏదైనా ప్రమాదమే: బటన్, పూస, ముత్యం, టోపీ మీది పూలు. కొన్నా కుట్టినా తొడిగే ముందు ప్రతి బటన్‌ను గట్టిగా లాగి చూడండి. మెడ దగ్గర నాడా వద్దు, పక్కన పొట్టిగా ఉంటే చాలు. నేను ఎక్కువగా చూసే సమస్య వేరే. మన ఎండల్లో, గదిలో పడుకున్న బిడ్డకు కూడా ఉన్ని టోపీ, సాక్సులు, పైన దుప్పటి. బిడ్డ ఒంట్లో వేడి తల నుంచే ఎక్కువ పోవాలి. పుట్టిన కొత్తలో, బరువు తక్కువ బిడ్డలకు టోపీ అవసరమే, డాక్టరు చెప్పినన్ని రోజులు వేయండి. తర్వాత నిద్రలో తీసేయండి. తలకు బిగుతు ఎలాస్టిక్ బ్యాండ్లు కూడా వద్దు.

కందుకూరు_నాన్న:
మా ఊరిని 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మార్చారు. జిల్లా మారినా ఎండ మారలేదు. పాప మొదటి పుట్టినరోజుకి 699 పెట్టి నెట్ గౌను తెప్పించాం. లోపల లైనింగ్ లేదు, చంకల కింద, మెడ చుట్టూ ఎర్రగా కందింది. కేకు కోయకముందే విప్పేశాం. తర్వాత మా పక్కింటావిడ చేత కాటన్ లైనింగ్ వేయించాం, ఆవిడ 100 తీసుకున్నారు.

పెన్నా_ఒడ్డు:
చూశారా, 699కి ఇంకో 100. ఒంగోలు వారు కాటన్ గౌను కుట్టడానికి ఎంత తీసుకుంటారో చెప్పమనండి. "ఇంట్లో కుడితే చవక" అనే మాట అక్కడే తేలిపోతుంది.

ఒంగోలు_కుట్టుమిషన్:
దాచేదేముంది. లైనింగ్‌తో గౌనుకి 350, గుడ్డ మీరే తెచ్చుకోవాలి. చాలామంది "చిన్న పిల్లదేగా, అర మీటరు గుడ్డకి ఇంతా?" అంటారు. చంక చుట్టు చిన్నదయ్యే కొద్దీ తిప్పడం కష్టం, పెద్దవాళ్ల జాకెట్టు చెయ్యి ఎక్కించడం దీనికంటే సులువు. నడుం దగ్గర కుచ్చు పోయాలి, పైపింగ్ వేయాలి. పట్టు పరికిణీ అయితే వచ్చే ఏడాది పొడవు వదలడానికి కింద రెండు మడతలు లోపలికి పెట్టి కుట్టాలి. ఆన్‌లైన్ గౌనుకి ఆ మడత ఉంటుందా? చుట్టాలైతే అసలు డబ్బులే ఇవ్వరు. పండగ ముందు రోజు ముక్క తెచ్చి పడేసి, సాయంత్రానికి కావాలంటారు. మీలాంటివాళ్లు కొనుక్కోండి అని సలహా ఇస్తే ఉన్న బేరాలూ పోతాయి. కుట్టడం తెలియనివాళ్లే నాడా మీద ఇంత రాద్ధాంతం చేస్తారు.

పెన్నా_ఒడ్డు:
నాకు తెలియదా? వినండి. పెళ్లయిన కొత్తలో నాకు కుట్టు వచ్చని తెలిసిన రోజు నుంచి మా అత్తగారింట్లో నాకు వేరే పని లేదు. ఆడపడుచుల పురుళ్లకి జుబ్బాలు, లంగోటీలు, బారసాలలకి గౌన్లు, వాళ్ల పిల్లల స్కూలు ఫంక్షన్లకి డ్రెస్సులు. ఉద్యోగం చేసి ఇంటికొచ్చి, వంట చేసి, రాత్రి పదింటికి మిషను ఎక్కేదాన్ని. దారం డబ్బులు కూడా నావే. అందరి ముందు "మా కోడలు ఎంత ప్రేమగా కుట్టిందో" అనేవారు. నా సొంత బిడ్డకి కుట్టే ఓపిక మిగల్లేదు, ట్రంకు రోడ్డులో రెడీమేడ్ కొని వేశాను. అప్పుడు "తన బిడ్డకి కుట్టుకోలేకపోయింది" అని కూడా అన్నారు. పైసా ఖర్చు లేదని మొదటి పోస్టులో చదవగానే నాకు ఒళ్లు మండింది. ఖర్చు లేకుండా ఏ బట్టా తయారవదు. ఎవరో ఒకరి నడుం, ఎవరో ఒకరి కళ్లు పోతాయి.

ఉదయగిరి_కొండ:
ఇది ముందే చెప్పి ఉంటే నాడా గొడవ ఉండేది కాదుగా అక్కా.

పెన్నా_ఒడ్డు:
నాడా మాట నేను వెనక్కి తీసుకోను. అదీ నిజమే, ఇదీ నిజమే.

ఒంగోలు_కుట్టుమిషన్:
మీకు జరిగింది అన్యాయమే. కానీ తప్పు మీ అత్తగారింటిది, మిషనుది కాదు. మా ఆయన మంచం పట్టినప్పుడు నా ఇద్దరు పిల్లల ఫీజులు ఈ తొక్కుడు మిషను మీదే కట్టాను. కుట్టు మానండి అంటే నాలాంటిదాని అన్నం మానమన్నట్టే. డబ్బిచ్చి కుట్టించుకోండి అని రాయండి, మీతో కలిసి నేనూ రాస్తాను. ఫ్యాక్టరీ బట్ట కొనండి అనొద్దు.

పెన్నా_ఒడ్డు:
ఫ్యాక్టరీలో కుట్టేది కూడా ఆడవాళ్లే కదా. తిరుప్పూరులో బనియన్లు, పిల్లల బట్టలు కుట్టే ఆడవాళ్లకి తక్కువో ఎక్కువో నెల తిరిగేసరికి జీతం అని ఒకటి చేతికొస్తుంది. నాకు అదీ రాలేదు. ఇంట్లో పనికి లెక్క లేనంతకాలం నేను రెడీమేడ్ వైపే ఉంటాను.

కావలి_అమ్మమ్మ:
పెన్నా అమ్మా, నిన్ను నొప్పించాలని ఆ మాట రాయలేదు. కానీ నన్నెవరూ కుట్టమనలేదు. ఇది నా కోరిక. మా అమ్మ చీర నా మనవడో మనవరాలో కట్టుకోవాలని ఉంది. దానికి కూలి కట్టమంటే ఎవరి దగ్గర వసూలు చేయను?

పెన్నా_ఒడ్డు:
అమ్మమ్మగారూ, మీ కోరిక మీది, కాదనను. కానీ మీ అమ్మాయి వద్దంది. బిడ్డ తనది. మమ్మల్ని అడిగే ముందు తనని ఇంకోసారి అడిగారా, ఎందుకు వద్దంటున్నావని? నాడా ఒక్కటే కారణం అయి ఉండదు.

ఒంగోలు_కుట్టుమిషన్:
దీనికి మాత్రం ఒప్పుకోను. అమ్మమ్మ కుట్టిన నాలుగు జుబ్బాలకి కూతురి అనుమతి ఏంది? ఇష్టమైతే వేస్తుంది, లేకపోతే బీరువాలో పెడుతుంది. మీరు కుట్టండమ్మా. కత్తిరించే ముందు చీరను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి, వెలుతురుకి పట్టి చూడండి. మడతల దగ్గర చివికి ఉంటే ఆ భాగం బొంతకి వాడండి.

పల్లె_నర్సు:
పెన్నా గారి మాట నాకు సబబుగా ఉంది. బాలింతలు నోరు తెరిచి చెప్పలేక బట్టల మీదా పాల మీదా వంక పెడతారు. ఒకసారి మాట్లాడండి.

మార్కాపురం_వదిన:
అంతా చదివాను. మా తోడికోడలు పురిటికి అర డజను జుబ్బాలు కుట్టిపెట్టమంది. గుడ్డ నన్నే తెమ్మంది. డబ్బులు ఎలా అడగాలో, ఎంత అడగాలో ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదు.

ఒంగోలు_కుట్టుమిషన్:
జుబ్బాకి 80. గుడ్డ, దారం బిల్లు వేరు. గుడ్డ కొనకముందే చెప్పు వదినా, కుట్టేశాక నోరు రాదు.

పెన్నా_ఒడ్డు:
80 తక్కువ. 120 అడుగు.