పాత మారుతి 800లో వచ్చిపోయే కరెంటు జబ్బు: వైరింగ్ కిట్టు మార్చాలా, వెతికి పట్టుకోవాలా?

పాతబండి:
1998 మోడల్ 800, కార్బ్యురేటర్ బండి. పొద్దున్నే సెల్ఫ్ ఒక్క దెబ్బకు అందుకుంటుంది. గంట నడిపి ఆపితే టిక్‌మని ఊరుకుంటుంది, పావుగంట ఆగితే మళ్లీ మామూలే. ఇండికేటర్ వేస్తే పెట్రోలు ముల్లు కూడా దాంతోపాటు ఊగుతుంది. బ్యాటరీ కొత్తది, సెల్ఫ్ మోటరు బెంచి మీద బాగానే తిరిగింది. షాపులో మొత్తం వైరింగ్ కిట్టు మార్చేద్దాం అంటున్నారు. సరేననమంటారా?

రాగితీగ:
మార్చెయ్యండి. పాతికేళ్లు దాటిన వైరింగ్ అది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, టేపు విప్పితే జాయింట్లలో పచ్చటి చిలుము ఉంటుంది. దానికి తోడు హారన్‌కీ స్టీరియోకీ మధ్యలో కోసి మెలేసిన ముళ్లు. ఇవాళ ఒకటి సరిచేస్తే వచ్చే నెల ఇంకొకటి. గంటల లెక్కన కూలీ కట్టే బదులు కిట్టే చవక.

టెస్ట్‌లైటు:
అన్నా, కిట్టులో బ్యాటరీ కేబుళ్లు రావు, ఇగ్నిషన్ స్విచ్ రాదు, బాడీ మీద తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్లు రావు. వచ్చిపోయే జబ్బులు ఎక్కువగా ఉండేది అక్కడే. పైగా బయట దొరికే కిట్లలో కొన్నిటికి రాగి సన్నం, కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) పిన్నులు వదులు. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి బిగించాక కొత్త జబ్బులు మొదలైతే పాతదేదో కొత్తదేదో ఎవరు చెప్తారు?

పాతబండి గారూ, మీవి రెండు వేరు వేరు జబ్బులు. ముల్లు ఊగడం మీటర్ల వెనక ఎర్త్ వదులు. సెల్ఫ్ సంగతి వేరే. మల్టీమీటరు 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఇంజను అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ వైరు పీకి, కొసకు టేపు చుట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, టిక్ అంటున్నప్పుడే ఒకరిచేత తాళం తిప్పిస్తూ చూడండి:

– బ్యాటరీ మైనస్ దిమ్మ నుంచి ఇంజను దిమ్మకు: 0.2 వోల్టులు దాటకూడదు.
– బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ లావు బోల్టుకు: 0.5 లోపు.
– సోలనాయిడ్ (తాళం తిప్పితే సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) సన్న వైరు నుంచి సెల్ఫ్ బాడీకి: బ్యాటరీ వోల్టేజీకి ఒక వోల్టు తక్కువ వరకు సరే.

ఓమ్స్‌లో మాత్రం చూడకండి. మీటరు పంపేది మిల్లీ ఆంపియర్లే. ఇరవై పోగుల్లో ఒక్క పోగు మిగిలినా సున్నా చూపిస్తుంది, లోడు పడగానే చేతులెత్తేస్తుంది.

రాగితీగ:
వేడికే ఎందుకొస్తోందో చెప్పలేదు మీరు.

టెస్ట్‌లైటు:
రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 90కి పోతే దాదాపు నాలుగో వంతు. సోలనాయిడ్ కాయిల్ ఇంజను పక్కనే కాగుతుంటుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన వోల్టేజీ అప్పుడు చాలదు. దారిలో వోల్టేజీ నష్టం పొద్దున కూడా ఉంటుంది, బయటపడదంతే.

పాతబండి:
కొలిచాను. టిక్ అన్నప్పుడు బ్యాటరీ 12.2. ఎర్త్ వైపు 0.08. లావు కేబుల్ 0.1 కూడా లేదు. సోలనాయిడ్ సన్న వైరు దగ్గర 7.4. స్విచ్ వెనక, లోపలికొచ్చే వైరు 11.6, బయటికెళ్లే వైరు 8.0.

టెస్ట్‌లైటు:
దొరికింది. 4.8 వోల్టుల నష్టంలో 3.6 స్విచ్ కాంటాక్టుల్లోనే పోతోంది. స్విచ్ మార్చండి, దాంతోపాటు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటు కలిపే స్విచ్) పెట్టండి: బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు 30వ పిన్నుకి, 87 నుంచి సోలనాయిడ్‌కి, పాత సన్న వైరు 86కి, 85 ఎర్త్. రిలే 40 ఆంపియర్లది తీసుకోండి.

రాగితీగ:
రిలే పెడితే జబ్బు కనబడదు, పోదు. స్విచ్‌కి ముందు 0.6, తర్వాత 0.6 పోతున్నది ఎక్కడ? ఆ రెండూ వైరింగ్‌లోనే కదా.

టెస్ట్‌లైటు:
న్యాయమైన ప్రశ్నే, ఒప్పుకుంటా. స్విచ్ కప్లర్ విప్పి చూడండి: పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగితే అక్కడ కాగుతోందని. ఆ పిన్ను కోసి కొత్తది వెయ్యాలి, నొక్కి బిగిస్తే చాలదు. తొడుగు వంచితే పెళపెళా పగిలినా, ఎలుకలు చాలాచోట్ల కొరికినా, కట్ట కట్టగా కరిగినా అప్పుడు కిట్టు మాట మాట్లాడదాం. ఇక మీటర్ల ఎర్త్: ముందు బ్యాటరీ మైనస్ తీయండి. బాడీ మీది బోల్టు విప్పి, రంగు పోయేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించాక పైన వాసెలిన్.

రాగితీగ:
కప్లర్ ఫొటో పెట్టండి. రెండు పిన్నులకి మించి గోధుమ రంగుంటే నా మాట మీద నేనుంటా.