ఐదేళ్ల వారంటీ డిస్కు ఒకటి మేలా, మామూలు డిస్కులు రెండు మేలా?

రాజోలు టీచరమ్మ:
నమస్కారమండి. మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. ఆయన క్యాసెట్లు అరవై దాకా ఉండేవి. కోనసీమ చెమ్మకి టేపులు బూజు పట్టేస్తుంటే మూడేళ్ల కిందట కంప్యూటర్లోకి ఎక్కించాం. పెళ్లిళ్ల వీడియోలు, ఫొటోలు కలిపి ఒకటిన్నర టీబీ దాటింది. ఇప్పుడున్న డిస్కుకి ఎనిమిదేళ్లు. ఈమధ్య ఒక్కో ఫోల్డరు తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది. కాకినాడలో ఒక షాపులో అడిగితే సర్వర్లలో వాడే నాలుగు టీబీ డిస్కు చూపించి, ఐదేళ్ల వారంటీ, ఇక నిశ్చింతగా ఉండండి అన్నారు. ఆ డబ్బుకి మామూలువి రెండు వస్తాయి. మా తమ్ముడేమో మంచిది ఒక్కటే కొనమంటాడు. మీరేమంటారు? ఏ కంపెనీదైతే నమ్మొచ్చు?

రావులపాలెం కెమెరా:
మీ తమ్ముడి మాటే నాదీనండి. పెళ్లి వీడియోలు తీయడం నా పని. చౌక డిస్కు కొని ఒక రాత్రంతా ఏడ్చాను. 300 జీబీ కాపీ పెడితే మొదట గబగబా ఎక్కి, సగం కాకుండానే నత్తనడక పట్టింది. తెల్లారితే పెళ్లివారికి ఇవ్వాలి. తర్వాత తెలిసింది, అది ఎస్‌ఎంఆర్ రకమని. పెంకుటింటి మీద పెంకులు ఒకదాని అంచు మీదకి ఇంకొకటి ఎక్కి ఉంటాయి చూడండి, అందులో సమాచారం రాసే వరుసలు, అదే ట్రాకులు, అలాగే ఉంటాయి. నడుమ ఒక పెంకు మార్చాలంటే పక్క వరుసంతా కదిపినట్టే, ఒకచోట తిరగరాయాలంటే పక్కవీ మళ్లీ రాయాలి. సీఎంఆర్ రకంలో ఏ ట్రాకు దానిదే. పోర్టబుల్ డిస్కుల్లో ఎక్కువ భాగం ఎస్‌ఎంఆరే. పేరున్న కంపెనీ అయినా చూసుకోవాలి: వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్ని ఈ రకమని 2020లో గొడవయ్యాకే బయటపెట్టింది. ఇప్పుడు సీఎంఆర్ కావాలంటే రెడ్ ప్లస్ అని అడగాలి. డబ్బు పెట్టండి, మంచిది కొనండి.

రాజమండ్రి రిపేరు:
టీచరుగారూ, కొత్తది సంగతి తర్వాత. ఈ రాత్రికే హరికథలు ఇంకెక్కడికైనా కాపీ చేసేయండి, పెన్ డ్రైవ్ అయినా పర్లేదు. మిగతావి రేపు. ఆ డిస్కు మీద స్కాన్లు, డీఫ్రాగ్‌లు పెట్టకండి. కాపీ అయ్యాక డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం వేసి 5, 197, 198 వరుసలు చూడండి, అందులో అవి 05, C5, C6 అని కనపడతాయి. వాటి ఎదుట సున్నా కాక ఇంకేదైనా ఉంటే లోపల చోట్లు చెడుతున్నాయని అర్థం. 199 (C7) ఒక్కటే పెరుగుతుంటే చాలాసార్లు కేబుల్ మారిస్తే సరిపోతుంది.

ఇక మీ ప్రశ్న. డిస్కు పోయినవాళ్లు నా బల్ల దగ్గరికి వచ్చి మొదట చూపించేది వారంటీ కార్డే. ఆ కార్డుకి కొత్త డిస్కు వస్తుంది, ఖాళీది. ఇంటర్నెట్‌లో జనం ఫైళ్లు దాచిపెట్టే బ్యాక్‌బ్లేజ్ అనే సంస్థ తమ దగ్గర నడిచే లక్షల డిస్కుల్లో ఏవి ఎంత చెడిపోతున్నాయో 2013 నుంచి బయటపెడుతోంది. 2024లో అన్ని కంపెనీలవీ కలిపి ఏడాదికి నూటికి 1.57. మోడల్‌కీ మోడల్‌కీ తేడా ఉంది, కాదనను. ఒకే కంపెనీలో ఒక మోడల్ బంగారం, ఇంకోటి ఇత్తడి. అసలు హార్డ్ డిస్కులు చేసే కంపెనీలు మిగిలిందే మూడు: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. లక్ష డిస్కులున్నవాళ్లకి ఆ 1.57 లెక్క పనికొస్తుంది. మీ ఇంట్లో ఉన్న ఒక్కటీ ఆ ఒకటిన్నరలో పడితే మీ నాన్నగారి గొంతు ఇక వినపడదు. కాబట్టి రెండు.

భీమవరం చెరువుగట్టు:
నాది రొయ్యల చెరువు, గట్టు మీద గదిలో కంప్యూటరు. రిపేరు గారి లెక్క బాగుంది గానీ, ఆ బ్యాక్‌బ్లేజ్ డిస్కులు చల్లటి గదుల్లో, కరెంటు కదలకుండా నడుస్తాయి. మా దగ్గర వేసవిలో రోజుకి నాలుగుసార్లు కరెంటు పోతుంది. చవకది ఇక్కడ ఆగుతుందా?

రాజమండ్రి రిపేరు:
కరెంటు సంగతి నిజమేనండి, కానీ ఖరీదైన డిస్కుకీ ఆ దెబ్బ తప్పదు. రాస్తూ ఉండగా పోతే ఫైళ్ల పట్టిక చెడొచ్చు. ఇన్వర్టర్ ఉంటే వెనక మీట యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. మామూలు మోడ్‌లో మారేలోపు కంప్యూటరు ఆగిపోవచ్చు. ఇక వేడి మాట. గూగుల్‌వాళ్లు 2007లో తమ డిస్కుల మీద అచ్చేసిన పరిశీలనలో, మనం అనుకున్నంత గట్టి సంబంధం వేడికీ చెడిపోవడానికీ మధ్య కనపడలేదు. ఇంకో సంగతి కూడా అందులోనే ఉంది: చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. అంటే పైన నేను చెప్పిన అంకెలు సున్నాలున్నా నిద్రపోవద్దు.

రాజోలు టీచరమ్మ:
హరికథలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కాయండి, ప్రాణం కుదుటపడింది. 197 ఎదుట సున్నా లేదు. మరి రెండూ కొని ఒకే బీరువాలో పెడితే సరిపోతుందా? కదిలే భాగాలుండవని మా అబ్బాయి ఎస్‌ఎస్‌డీ అంటున్నాడు.

రాజమండ్రి రిపేరు:
ఎస్‌ఎస్‌డీ రోజూ వాడుకోవడానికి మంచిదే, కిందపడినా తట్టుకుంటుంది. కానీ అందులో సమాచారం విద్యుత్ ఆవేశంగా నిలుస్తుంది. కరెంటు పెట్టకుండా ఏళ్ల తరబడి వేడిగదిలో వదిలేస్తే, బాగా వాడి అరిగినదైతే మరీ, అది జారిపోతుంది. బీరువాలో దాచడానికి హార్డ్ డిస్కే నయం. ఒకే బీరువా మాత్రం వద్దమ్మా. 2022 జూలైలో లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు కింది అరలూ పై అరలూ చూసి రాలేదు కదా. ఒకటి ఊరు దాటించండి. రెండూ వేరువేరు కంపెనీలవి తీసుకోండి, ఒకే లోపం రెండింటికీ ఉండదు. మూడు ప్రతులు, రెండు రకాల వాటి మీద, ఒకటి వేరే చోట అని ఫొటోలు తీసేవాళ్లు పెట్టుకున్న లెక్క ఉంది. మీ పెన్ డ్రైవ్‌తో హరికథలకి మూడూ కుదిరినట్టే.

రావులపాలెం కెమెరా:
వేరే ఊళ్లో పెట్టడం ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరే. రెండో డిస్కు కొన్నవాళ్లని చాలామందిని చూశాను, కొన్నరోజు కాపీ చేస్తారు, మళ్లీ ముట్టుకోరు. మూడేళ్ల తర్వాత మొదటిది పోతే రెండోదాంట్లో మూడేళ్ల కిందటి ఫొటోలే ఉంటాయి. మనిషి మతిమరుపుకి మందు లేదు కాబట్టే నేను మంచిదాన్నే నమ్ముతాను. నాస్ అని ఇంటి నెట్‌వర్కుకి తగిలించే డిస్కుల పెట్టె ఉంటుంది, అందులో రెండు వేసి అద్దంలో బొమ్మలా ఒకటే రాయించుకునే పద్ధతీ ఉంది. కాకపోతే పొరపాటున చెరిపేస్తే అది రెండింట్లోనూ చెరిగిపోతుంది.

ఇంకోటి, చవక కదా అని ఆన్‌లైన్‌లో ఎక్కడపడితే అక్కడ కొనకండి. 2025 మొదట్లో, చియా అనే క్రిప్టో కరెన్సీ తవ్వకంలో వేల గంటలు తిరిగిన సీగేట్ డిస్కులు, గంటల లెక్క సున్నా చేసి ఉన్నవి, జర్మనీలో కొత్తవిగా అమ్ముడైనట్టు బయటపడింది. సీగేట్‌ల లోపల ఫార్మ్ అనే ఇంకో లెక్క ఉంటుంది, అందులో అసలు గంటలు బయటపడ్డాయి. బిల్లు, సీరియల్ నంబరు, కంపెనీ సైట్‌లో వారంటీ తేదీ మూడూ సరిపోయాకే తీసుకోండి.

భీమవరం చెరువుగట్టు:
కెమెరా గారు అన్న మతిమరుపు మా ఇంట్లో నిజం. నేను మేత లెక్క రాసే రోజునే కాపీ కూడా పెట్టుకున్నాను, అప్పటినుంచి తప్పలేదు.

రాజోలు టీచరమ్మ:
అందరికీ పేరుపేరునా నమస్కారాలండి. తమ్ముడితో గట్టిగా మాట్లాడి రెండే కొన్నాను, రెండు కంపెనీలవి, రెండూ సీఎంఆర్, నాలుగేసి టీబీ. కెమెరా గారు చెప్పినట్టు సీరియల్ నంబర్లు షాపులోనే సరిచూశాను. ఒకటి మా ఇంట్లో. రెండోది రాజమండ్రిలో మా చెల్లెలింట్లో, మేడ మీద, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో. సంక్రాంతికి అది మా ఇంటికొస్తుంది, వేసవి సెలవులకి మేం వెళ్తాం, ఆ రెండుసార్లూ కొత్తవి కలుపుతాం. ఇవ్వడానికి ముందు నాన్నగారి రుక్మిణీ కల్యాణం పెట్టి మొదటి నుంచి చివరిదాకా విన్నాను, ఎక్కడా తెగలేదు.

రావులపాలెం కెమెరా:
వేసవి నుంచి సంక్రాంతి దాకా ఏడెనిమిది నెలలు ఎక్కువేనండి. దసరాకి ఒకసారి కలపండి.