ఒలికిన నీళ్లు కనిపెట్టే రోబో: మన వైపు స్టోర్లకి పనికొస్తుందా?

ప్రశ్న: స్టోర్ మేనేజర్, బరంపురం

అందరికీ నమస్కారమండి. 6,000 చదరపు అడుగుల సూపర్ మార్కెట్ సంగతి ఇది. నేలంతా మెరిసే విట్రిఫైడ్ టైల్, గుమ్మం దగ్గర మాత్రం పాత మొజాయిక్. ఒక పక్క ఫ్రీజర్ల వరుస, ఎదురుగా నూనె ప్యాకెట్ల రాక్. కెమెరాలు, సెన్సర్లతో తిరుగుతూ నేల మీద ఏదైనా ఒలికితే ఫోన్‌కి కబురు పంపే రోబో పెట్టుకోమని ఒక సప్లయర్ అడుగుతున్నారు. అది తుడవదు, చూసి చెబుతుందంతే. అమెరికాలో జైంట్, స్టాప్ అండ్ షాప్ స్టోర్లు 2019లో పెట్టిన మార్టీ రోబో లాంటిదే అంటున్నారు. ఆ డబ్బుతో తుడిచేవాళ్లని ఇంకో ఇద్దరిని పెట్టుకోవడం మేలా, రోబో మేలా? లెక్కలతో చెప్పగలరు.

ఇన్‌స్ట్రుమెంటేషన్, రాయగడ

ముందు సప్లయర్ని ఒక్కటే అడగండి: నీళ్లని మీ రోబో దేనితో చూస్తుంది?

మామూలు రంగుల కెమెరా ఒక్కటే అయితే పాలు, పెరుగు, కూల్‌డ్రింకు బాగానే దొరుకుతాయి. మంచినీళ్లకి రంగు లేదు. కెమెరాకి దొరికేవి మూడే గుర్తులు: మడుగు అంచున సన్నటి వెలుగుగీత, నీళ్ల కింద టైల్ అతుకు కాస్త పక్కకి జరిగినట్టు కనబడటం, పైనున్న ట్యూబ్‌లైటు మెరుపు. మెరిసే టైల్ పొడిగా ఉన్నా ఆ మూడోది ఉంటుంది. అందుకే మీలాంటి నేల మీద అలారం ఊరికే మోగుతుంది, లేదా అసలు మోగదు.

లైడార్ (లేజర్ వెలుగుతో దూరం కొలిచేది) ఉంది కదా అంటారు. చాలా వాటిలో అది నేలకి జానెడు ఎత్తున అడ్డంగా చూస్తుంది, రాక్‌ని, మనిషి కాళ్లని గుద్దుకోకుండా కాపాడటానికి. మిల్లీమీటరు మందం నీటి పొర దానికి ఆనదు. ఒకే దిశలో ఊగే వెలుగుని వేరుచేసి చూసే పోలరైజ్డ్ కెమెరా అంటే జాగ్రత్త. గరుకు సిమెంటు మీద అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పొడి గరుకు నేల వెలుగుని చెదరగొడుతుంది, నీటి పొర చెదరగొట్టదు. కానీ నీళ్ల మెరుపులో వెలుగు అలా ఒకే దిశలో ఊగే గుణం, చూసే కోణం నిలువు నుంచి 53 డిగ్రీల దగ్గర గట్టిగా ఉంటే, నున్నటి టైల్ పై పొరకి 56 దగ్గర ఉంటుంది. రెండూ దాదాపు ఒక్కలాగే కనబడతాయి. విట్రిఫైడ్ మీద దానికోసం అదనంగా డబ్బు పెట్టొద్దు.

నీళ్లని నిజంగా పట్టేది 1450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. ఆ వెలుగుని నీళ్లు తాగేస్తాయి. ఒక మిల్లీమీటరు పొరలోంచి వెళ్లి తిరిగి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. మామూలు సిలికాన్ కెమెరా అక్కడిదాకా చూడలేదు. దానికి అందే 970 దగ్గర అదే పొర పదో వంతు కూడా తగ్గించదు. 1450 కెమెరా ఖరీదు ఎక్కువ కాబట్టి కెమెరా వదిలేసి, రోబో ముందు భాగంలో నేలకి దగ్గరగా ఆ వెలుగునిచ్చే ఎల్ఈడీ, తిరిగొచ్చిన వెలుగుని కొలిచే ఫోటోడయోడ్ జతల్ని ఆరేసి సెంటీమీటర్ల ఎడంతో వరుసగా పెట్టాలి. పక్కనే, నీళ్లు అంతగా తాగని 1300లో ఇంకో ఎల్ఈడీ ఉండాలి. రెండిటి నిష్పత్తి చూస్తే టైల్ రంగు మారినా మోసపోదు.

విజన్ ఇంజినీర్, జయపురం

అన్నగారు కెమెరాని మరీ తక్కువ చేశారు. రోబో కదులుతుంది, అదే దాని బలం. 3 మీటర్ల ఎత్తున ఉన్న ట్యూబ్‌లైటు మెరుపు నేల మీద ఉన్నట్టు నడుచుకోదు, నేలకి 3 మీటర్ల లోతున ఉన్నట్టు నడుచుకుంటుంది. రోబో ఒక అడుగు ముందుకెళ్లి తీసిన ఫోటోని పాతదాని మీద నేల కొలతతో సరిపెట్టి చూడండి. పాల మరక ఉన్నచోటే ఉంటుంది, మెరుపు పక్కకి జారిపోతుంది. జారినదాన్ని కొట్టేస్తే చాలా తప్పుడు అలారాలు రాలిపోతాయి. గోడకి బిగించిన కెమెరాకి ఈ సదుపాయం లేదు.

ఇన్‌స్ట్రుమెంటేషన్, రాయగడ

పాలకి సరే తమ్ముడూ. నీళ్లని పట్టించేదే ఆ మెరుపు కదా! దాన్ని కొట్టేస్తే మడుగు కూడా దాంతోపాటే పోతుంది.

విజన్ ఇంజినీర్, జయపురం

ఒప్పుకుంటున్నాను, పూర్తిగా కొట్టేయకూడదు. ఆకారం చూడాలి. పొడి టైల్ మీద ట్యూబ్ మెరుపు గీటు గీసినట్టు ఉంటుంది, మడుగు అంచు దాటే చోట విరిగి వంకర తిరుగుతుంది. ఫోటోలు చూసి గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ మోడల్‌కి ఆ విరుపు నేర్పాలి. దానికి ఇంటర్నెట్ ఫోటోలు చాలవు, మీ నేల మీదే తీయాలి. నీళ్లు, పాలు, నూనె, సబ్బు నీళ్లు. ఒక్కోటి 20 మిల్లీలీటర్లు, 200 మిల్లీలీటర్లు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లలో. టైల్ మీద, మొజాయిక్ మీద. ఏమీ ఒలకని ఫోటోలు దానికి రెట్టింపు ఉండాలి, ముఖ్యంగా మొజాయిక్ చుక్కలవి. మార్గశిర గురువారాల్లో గుమ్మంలో బియ్యప్పిండితో వేసే ఝోటి ముగ్గుల ఫోటోలు మరవకండి. అవి లేకపోతే నెల పొడుగునా ప్రతి గురువారం గుమ్మంలో పాలు ఒలికాయనే చెబుతుంది.

ఇంకొకటి చూడాలి, ఆగే దూరం. సెకనుకి అర మీటరు వేగంతో వెళ్లేది మెల్లగా బ్రేకు వేస్తే పావు మీటరు పోతుంది. ఫోటో లెక్కలకి అర సెకను పడితే ఇంకో పావు మీటరు. అంటే కనీసం 50 సెంటీమీటర్ల ముందే మడుగు కనబడాలి. అన్నగారి డయోడ్ వరుస చక్రాలకి జానెడు ముందే ఉంటుంది కాబట్టి, అది కనిపెట్టేసరికి చక్రం నీళ్లలో ఉంటుంది.

ఇన్‌స్ట్రుమెంటేషన్, రాయగడ

అది నిజమే. వరుసని ముందుకి చాపి కట్టాలి, లేదా వేగం సగం చేయాలి. వేగం సగమైతే ఆగే దూరంలో బ్రేకు భాగం నాలుగో వంతుకి దిగుతుంది, రౌండు మాత్రం రెట్టింపవుతుంది.

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్, పర్లాకిమిడి

మీరిద్దరూ నీళ్ల గురించే మాట్లాడుతున్నారు బాబూ. మనిషిని ఇంకా తేలిగ్గా పడేసేది నూనె. 1450లో అది నీళ్లలా వెలుగుని తాగదు, ఆవిరి అవదు, కరెంటు పారనివ్వదు. పల్చటి పామాయిల్ పొర తెల్ల టైల్ మీద కంటికే ఆనదు. రోబో చూడకుండా దాని మీద నుంచి వెళ్లిందంటే రబ్బరు చక్రాలు ఆ నూనెని వరుస చివరిదాకా పూసుకుంటూ పోతాయి. చక్రం జారినందువల్ల తను ఎక్కడుందో దానికే లెక్క తప్పుతుంది. ఒక చోట ఉన్న ప్రమాదం పది చోట్లకి పాకుతుంది.

నూనె ఒలికితే తడి మాప్ పెట్టకూడదు. ముందు పాత న్యూస్‌పేపరో, రంపపు పొట్టో వేసి పీల్చనివ్వాలి, ఎత్తేయాలి, అప్పుడు వేడి నీళ్లలో డిటర్జెంటు, తర్వాత మంచినీళ్లు, చివర పొడిగుడ్డ. వేలితో రుద్దితే కిర్రుమనాలి. ఈ పని తెలిసిన మనిషి లేనప్పుడు రోబో పంపే మెసేజ్ వల్ల ఏం లాభం?

ఇంకోటి, ఒలకడం ఎక్కడపడితే అక్కడ జరగదు. ఫ్రీజర్ డ్రెయిన్ గొట్టం పూడుకుపోయి నీళ్లు ముందుకి వస్తాయి. ఏసీ నీళ్ల గొట్టం ఊడిపోతుంది. వానాకాలం గుమ్మంలో గొడుగుల నీళ్లు. చిరిగిన నూనె ప్యాకెట్లు కింది అరలో. ఇంతే. ఫ్రీజర్ కింద లీక్ సెన్సర్ పెట్టండి, కొన్ని వందల్లో వస్తుంది. రెండు ప్రోబ్‌లు (లోహపు మొనలు), నేలకి ఒక మిల్లీమీటరు ఎత్తున. నీళ్లు తగలగానే వాటి మధ్య కరెంటు పారి మోగుతుంది, రౌండు కోసం ఆగదు. నూనె ప్యాకెట్ల కింద అంచున్న స్టీలు ట్రే పెట్టండి. గుమ్మంలో మనిషి ఒక్కో కాలు రెండు మూడుసార్లు మోపేంత పొడవు కాళ్లపట్టా వేయండి. రోబో దాకా ఎందుకు?

ప్లాంట్ సేఫ్టీ, బల్లార్షా

అక్క చెప్పింది తూకం ఉన్న మాట. నేను థర్మల్ కెమెరా గురించి కలుపుతాను, సప్లయర్లు దాన్ని తెగ పొగుడుతారు. ఒలికిన నీళ్లు ఆవిరవుతూ చల్లబడతాయి, ఆ తేడా కెమెరాకి కనబడుతుంది. గాలిలో తేమ 40 శాతం, వేడి 30 డిగ్రీలు ఉంటే తడి 20 దాకా దిగగలదు. కింద నేల వేడి ఇస్తుంది కాబట్టి అంత దిగదు గానీ తేడా స్పష్టంగా ఉంటుంది. మా చంద్రాపూర్ ఎండాకాలంలో ఇది బాగా పనిచేస్తుంది. గోపాల్‌పూర్ సముద్రగాలి తగిలే బరంపురంలో వానాకాలం తేమ 90 ఉందనుకోండి, అదే 30 డిగ్రీల్లో తేడా ఒకటిన్నర డిగ్రీ కూడా దాటదు. ఏసీ గాలి తగిలే టైల్‌కి, తగలని టైల్‌కి మధ్య అంతకంటే ఎక్కువ ఉంటుంది. పైగా అలాంటి పొద్దున్న చల్లటి టైల్ తనంతట తానే చెమరుస్తుంది. అది నిజంగానే తడి. రోబో మొత్తం వరుసకి అలారం ఇస్తుంది, అది తప్పు కూడా కాదు. కానీ పని ఆగిపోతుంది.

ఇక రౌండు లెక్క. రాక్‌లు పోగా నడిచే చోటు 4,000 చదరపు అడుగులు అనుకుందాం, అంటే 370 చదరపు మీటర్లు. మీటరు వెడల్పు చూస్తూ సెకనుకి అర మీటరు పోతే 12 నిమిషాలు. జనం, ట్రాలీలు, మలుపులు కలిపితే పాతిక. అంటే ఇప్పుడే అది దాటి వెళ్లిన చోట ప్యాకెట్ చిరిగితే పాతిక నిమిషాలు అలాగే ఉంటుంది. గంటకోసారి రౌండు వేసే మనిషితో పోలిస్తే రోబోదే పైచేయి. అదే వరుసలో సరుకు సర్దుతున్న కుర్రాడితో పోలిస్తే కాదు.

విజన్ ఇంజినీర్, జయపురం

అక్క గారి సెన్సర్లు, ట్రేలు ముందు పెట్టాల్సిందే, వాదన లేదు. కానీ తెలిసిన చోట్లు అన్నీ కట్టేశాక మిగిలేవి తెలియని చోట్లే. పిల్లాడి చేతిలోంచి జారిన జ్యూస్ ఏ వరుసలో పడుతుందో ఎవరు చెప్పగలరు? రౌండు మరవకపోవడం, ప్రతి రౌండుకీ టైముతో ఫోటో మిగలడం మనిషి నుంచి రోజూ రాబట్టడం కష్టం. 2019లో జైంట్ సంస్థ తన 172 స్టోర్లకీ మార్టీని పెడతామని ప్రకటించింది ఈ పని కోసమే. అది మడుగు పక్కనే నిలబడి ఇంగ్లీషులో, స్పానిష్‌లో హెచ్చరించేది. మనకి ‘పాణి పడిఛి, సాబధాన’ (నీళ్లు పడ్డాయి, జాగ్రత్త) అని ఒడియాలో, తర్వాత తెలుగులో, హిందీలో చెప్పించాలి. తుడిచే మనిషి వచ్చేదాకా ఎవరూ అడుగు పెట్టకుండా ఆపడం కూడా పనేనండి.

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్, పర్లాకిమిడి

2020లో వాల్‌మార్ట్ తన రోబోల్ని ఆపేసింది కదా?

విజన్ ఇంజినీర్, జయపురం

అవి బోసా నోవా అనే కంపెనీ వాళ్లవి, రాక్‌ల మీద సరుకు లెక్కపెట్టేవి. నేల చూసేవి కావు. ఈ చర్చకి అది సాక్ష్యం కాదు.

ప్లాంట్ సేఫ్టీ, బల్లార్షా

మేనేజర్ గారూ, కొనే ముందు పరీక్ష మీ నేల మీదే పెట్టమనండి, సప్లయర్ షోరూమ్‌లో కాదు. స్టోరు మూసి ఉన్నప్పుడు 30 చోట్ల ఒలకబోయండి: నీళ్లు 10, నూనె 10, పాలు 5, సబ్బు నీళ్లు 5, ఒక్కోటి 50 మిల్లీలీటర్లు. ఎక్కడ పోశారో సప్లయర్ మనిషికి తెలియకూడదు. 30కి 30 పట్టినా మురిసిపోకండి. అంత చిన్న లెక్కలో అసలు తప్పిపోయే రేటు 10 శాతం దాకా ఉండొచ్చు. తర్వాత మూడు రోజులు పొడి నేల మీద తిప్పి ఉత్తుత్తి అలారాలు లెక్కపెట్టండి, వాటిలో ఒకటి వానపడ్డ రోజు కావాలి. రోజుకి ఇరవై ఉత్తుత్తివి వస్తే వారం తిరక్కుండా మీ వాళ్లు ఫోను చూడటం మానేస్తారు.

టైల్ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. తడిసినప్పుడు దాని రాపిడి అంకె ఎంతో డీలర్ని అడగండి. అమెరికా ప్రమాణంలో లోపలి తడి నేలకి 0.42 కనీసం. బాగా మెరిసే రకాలు చాలావరకు అక్కడిదాకా రావు. ఫ్రీజర్ల ముందు వరుస ఒక్కటీ మ్యాట్ (మెరవని) టైల్‌కి మార్చుకుంటే కాలు జారడం తగ్గుతుంది, మెరుపూ తగ్గుతుంది కాబట్టి కెమెరాకి కూడా సులువు.

స్టోర్ మేనేజర్, బరంపురం

అందరికీ కృతజ్ఞతలండి. ముందు ఫ్రీజర్ల కింద ప్రోబ్‌లు, నూనె కింద ట్రేలు, గుమ్మంలో పట్టా. పరీక్షకి సప్లయర్ ఒప్పుకుంటే శ్రావణంలో పెట్టిస్తాను. అక్కా, ఒక్క సందేహం: ఫ్రీజర్ డ్రెయిన్ గొట్టం ఎన్నాళ్లకోసారి కడిగించాలి?

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్, పర్లాకిమిడి

నెలకోసారి బాబూ, వానాకాలం పదిహేను రోజులకి. లీటరు గోరువెచ్చని నీళ్లు పైనుంచి పోయండి, మరిగే నీళ్లు వద్దు, ప్లాస్టిక్ గొట్టం మెత్తబడుతుంది. కింద ట్రేలోకి నిమిషంలో దిగకపోతే లోపల జిగట పట్టిందన్నమాట, సన్నటి గొట్టం బ్రష్‌తో తీయించండి.