ఇంజిన్‌ను కడిగే ఆయిల్ లోపలి మడ్డిని నిజంగా తీస్తుందా?

మద్దిలపాలెం వాసి (ప్రశ్న)

మా నాన్నగారి పెట్రోలు కారు గురించి అడుగుతున్నాను. పదమూడేళ్ల బండి, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్నగారు పోయాక రెండేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఇంటి నుంచి సిరిపురంలోని ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి. ఆదివారం ఎంవీపీ కాలనీ రైతుబజారుకు. రోజుకు ఏడెనిమిది కిలోమీటర్లు మించదు.

వెయ్యి కిలోమీటర్లకు దాదాపు ఆరు వందల మిల్లీలీటర్ల ఆయిల్ తాగుతోంది. బండి కింద అట్టముక్క పరిచి వారం రోజులు చూశాను, ఒక్క చుక్క పడలేదు. ఆయిల్ పోసే మూత తీస్తే లోపలంతా నలుపు, మూతకు అడుగున మాత్రం పాలమీగడలాంటి తెల్లటి నురుగు. చూపించిన మెకానిక్ ఇంజిన్ దింపాలి, నలభై వేలు అవుతుంది అన్నాడు.

ఇంతలో ఇంజిన్‌ను లోపలి నుంచి శుభ్రం చేసే ఆయిల్ గురించి చదివాను. వాల్వొలీన్ కంపెనీ 2024లో అమెరికాలో ఇలాంటిది విడుదల చేసింది. వరుసగా వాడితే పిస్టన్ల మీద పేరుకున్నదాన్ని వంద శాతం వరకు తీస్తుందని ప్రకటన. నమ్మవచ్చా? ఈ కారు అమ్మే ఉద్దేశం నాకు లేదు. స్టీరింగు మీద నాన్నగారి చెయ్యి ఆని నున్నబడిన చోటు ఇంకా అలాగే ఉంది.

ఆటోనగర్ పాత మెకానిక్

బాబూ, గాజువాక ఆటోనగర్‌లో ముప్ఫై నాలుగేళ్లు ఇంజిన్లు విప్పి బిగించినవాడిని. తీస్తుంది. కానీ నెమ్మదిగా తీస్తుంది, తాను చేరగలిగిన చోటే తీస్తుంది.

మంచి ఆయిల్ దేనిలోనైనా మురికిని వదిలించే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. వదిలిన మురికి మళ్లీ గడ్డకట్టకుండా పట్టి ఉంచే రసాయనాలు వేరే ఉంటాయి. కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడిందని చాలామంది కంగారుపడతారు. ఆ నలుపు మంచిదే, లోపలి మురికిని అది మోస్తోందని అర్థం. శుభ్రం చేసే ఆయిల్ అని అమ్మేవాటిలో ఈ గుణాన్నే పెంచుతారు.

అయితే మడ్డి అంతా ఒక రకం కాదు. ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ కింద వేలికి అంటుకునే మెత్తటి జిడ్డును మంచి ఆయిల్ రెండు మూడు మార్పులలో చాలావరకు దించేస్తుంది. పిస్టన్ రింగుల గాడిలో కాలిపోయి లక్కలా బిగుసుకున్నది అంత సులువుగా రాదు. ఒకసారి ఇలాగే ఆయిల్ తాగే బండి పిస్టన్ బయటకు తీశాను. మూడు రింగులలో పైరెండు వేలితో నొక్కితే ఆడుతున్నాయి. అడుగున ఉండే ఆయిల్ రింగు కదలనే లేదు. సిలిండర్ లోపలి గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపాల్సిన రింగు అది. దాని వెనక గాడిలో ఆయిల్ కిందికి దిగే సన్నటి రంధ్రాలు ఉంటాయి. ఒక్కటీ కనబడలేదు, అన్నీ పూడిపోయాయి. రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టినా తెల్లారి చూస్తే అలాగే ఉంది. చివరకు విరిగిన పాత రింగు ముక్కతో గాడిని గీకి, సూదితో ఒక్కొక్క రంధ్రమూ తెరిచాను. మధ్యాహ్నం దాకా పట్టింది. ఒక్కసారి పోసిన ఆయిల్ ఆ పని చేసేస్తుందంటే నేను ఒప్పుకోను. వేలాది కిలోమీటర్లు, వేడెక్కిన ఇంజిన్‌లో, మార్పు మీద మార్పుగా తిరిగితే కొంత కొంత వదులుతుంది. ప్రకటనలో ‘వరకు’ అన్న మాటను, వరుసగా వాడాలన్న షరతును వదిలేసి చదవకండి.

ఇంతకీ పొగ ఎప్పుడు వస్తోంది? పొద్దున్నే స్టార్టు చేయగానే గుప్పున వచ్చి ఆగిపోతుందా? సింహాచలం కొండ దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, లేక కొండ ఎక్కుతున్నప్పుడా? మొదటి రెండూ అయితే వాల్వు సీళ్లను, అంటే వాల్వుల పక్క నుంచి ఆయిల్ కారకుండా ఆపే రబ్బర్లను అనుమానించాలి. గట్టిపడిన రబ్బరును ఏ ఆయిలూ శుభ్రం చేసి మెత్తబరచలేదు.

ఎన్ఏడీ కూడలి

ఫ్లషింగ్ ద్రవం మాత్రం తొందరపడి పోయించకండి. మా పాత బండికి ఒకచోట పాత ఆయిల్‌లో అది కలిపి, పది నిమిషాలు నడిపి, దించి, కొత్త ఆయిల్ పోశారు. నాలుగో రోజు ఫ్లైఓవర్ మీద ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది. వెంటనే ఇంజిన్ ఆపి పక్కకు తోయించాను. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే ఆయిల్ పీల్చే జాలీ తారు పూసినట్టు ఉంది. ఏళ్ల మడ్డి పెచ్చులుగా ఊడి అక్కడ చేరింది. ఇంకో రెండు నిమిషాలు నడిపి ఉంటే బేరింగులు పోయేవని చెప్పారు.

మద్దిలపాలెం వాసి

పొద్దున పొగ లేదు. నిన్న పని గట్టుకుని సింహాచలం వెళ్లాను. ఎక్కుతున్నప్పుడు అద్దంలో నీలం పొగ కనిపించింది, దిగాక రాలేదు. కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి కూడా చూపించాను, నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా, బాగానే ఉన్నాయి.

ఆటోనగర్ పాత మెకానిక్

కంప్రెషన్ బాగుండి, పొగ ఎక్కుతున్నప్పుడే వస్తూ ఆయిల్ తాగుతోందంటే పైరెండు రింగులూ పని చేస్తున్నాయి, ఆయిల్ రింగు బిగుసుకుంది. నా అంచనా ఇదే. ఇంజిన్ దింపే ముందు ఒక ప్రయత్నం చేయదగ్గ బండి మీది.

కారు పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి, డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉండాలి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) 2020లో తెచ్చిన ఆయిల్ నాణ్యతా ప్రమాణం అది. శుభ్రం చేసే రకం దొరికితే అదే పోయండి, దొరకకపోతే మంచి సింథటిక్ చాలు. మొదటిసారి మూడు వేల కిలోమీటర్లకే ఫిల్టర్‌తో సహా మార్చండి. ఊడిన మురికి అందులో చేరుతుంది. ఆయిల్ మట్టం రోజూ చల్లని ఇంజిన్‌లో, ఒకే చదునైన చోట చూడండి. కనిష్ఠ గీత కిందికి వెళ్లనివ్వకండి.

మూత కింద నురుగు మన సముద్రపు గాలి తేమ, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేయడం కలిసి చేసిన పని కావచ్చు. ముందు కూలెంట్ సీసాలో మట్టం తగ్గుతోందేమో చూడండి. తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్, అంటే కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే పట్టీ పోయిన సంగతి కావచ్చు, ఈ ఆయిళ్ల గొడవంతా పక్కన పెట్టాలి. తగ్గకపోతే వారానికోసారి భీమిలి దాకా వెళ్లి రండి. బండికి కావలసింది ఆ వేడి.

భీమిలి రోడ్డు

అన్నయ్యా, పెద్దాయన చెప్పినట్టు పొగ వేళ చూసుకోవడం చాలా ముఖ్యం. నేను చూసుకోలేదు. ఖరీదైన ఆయిల్ రెండుసార్లు మార్చాను, తేడా లేదు. మా బండికి పొద్దున పొగ. చివరకు వాల్వు సీళ్లు మారిస్తే ఆగిపోయింది.

మద్దిలపాలెం వాసి (ఎనిమిది నెలల తర్వాత)

కూలెంట్ తగ్గలేదు. భీమిలి ప్రయాణాలతో నురుగు పోయింది. శుభ్రం చేసే రకం ఇక్కడ దొరకలేదు, ఎస్‌పీ సింథటిక్ పోశాను. మొదటి వెయ్యి కిలోమీటర్లకు ఐదు వందల ఎనభై మిల్లీలీటర్లు, రెండో వెయ్యికి ఐదు వందలు, మూడో వెయ్యికి నాలుగు వందల ఇరవై పోయాల్సి వచ్చింది. పాత ఫిల్టర్‌ను కోయించి కాగితం మడతలు విప్పి చూశాను. వేలితో రుద్దితే ఇసుకలా గరగరలాడే నల్లటి రవ్వలు.

నిన్ననే రెండోసారి ఆయిల్ మార్పించాను. ఈసారి ఐదు వేలు నడిపి లెక్క ఇక్కడే రాస్తాను. నాలుగు వందల దగ్గరే ఆగిపోతే ఇంజిన్ దింపిస్తాను, పెద్దాయనా. అప్పుడు మీ చేతనే.