మందుపాతరల నిధులు: ముందు నేలకా, మనిషికా?

మర్రిపాలెం మాస్టారు:
2023లో మందుపాతరల పనికి ప్రపంచం మొత్తం మీద వచ్చిన డబ్బు వంద కోట్ల డాలర్లు దాటింది. సింహభాగం తొలగింపుకే. కాళ్ళు పోయినవాళ్ళకి మిగిలింది చిల్లర. స్తోమత ఉన్న దేశాలు బాధితులకూ సాయం చేయాలని, మందుపాతరల్ని నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందంలో రాసుకున్నారు కదా, మరి ఇదేం పంపకం? నా ఓటు బాధితులకే.

గాజువాక మాజీ జవాను:
మాస్టారూ, కుళాయి కట్టకుండా నేల తుడిస్తే ఏం లాభం? ఆర్మీ ఇంజినీర్స్‌లో చేసినవాణ్ణి, చెప్తాను. ప్లాస్టిక్ మందుపాతరలో ఇనుము పిసరంత. డిటెక్టర్ మేకుకీ మోగుతుంది, సీసా మూతకీ మోగుతుంది. మోగిన ప్రతిచోటా బోర్లా పడుకుని సన్న చువ్వని ఏటవాలుగా గుచ్చుతూ వెతకాలి. నిలువుగా గుచ్చామా, పైనున్న ప్రెషర్ ప్లేట్‌కి, అంటే బరువు పడితే పేలే మూతకి, తగులుతుంది, ఇక అంతే. రోజంతా చేసినా కొన్ని గజాలే. ఖర్చు అక్కడే. కానీ తీస్తే తీసినట్టే. మొజాంబిక్ 2015లో పూర్తి చేసేసింది. 2009 తర్వాత శ్రీలంక ఉత్తరాన మన మాజీ సైనికుల సంస్థలూ ఈ పని చేశాయి.

పాడేరు పిల్ల:
తీస్తే తీసినట్టే అన్నది నేలకి సార్, మనిషికి కాదు. నేను విశాఖలో ఫిజియోని. ఎదిగే పిల్లాడికి ఏడాది తిరిగేసరికి పెట్టుడు కాలు పొట్టిదైపోతుంది, తెగిన కాలు దూర్చే గిన్నె, అదే సాకెట్, బిగిసిపోతుంది. తెగినచోట ఒరుసుకుని పుండు పడితే ఆ కాలు మూలన పెట్టి మళ్ళీ కర్ర పట్టుకుంటాడు. పెద్దవాళ్ళకైనా కొన్నేళ్ళకోసారి మార్చాల్సిందే. జైపూర్ కాలు ఉచితంగా ఇస్తారు, సంతోషం. కొండ దిగి రావడానికి బస్సు ఛార్జీ, తోడొచ్చినవాడి కూలి ఎవరిస్తారు? ఇదంతా ఎక్కడో అఫ్గానిస్తాన్ గొడవ అనుకోకండి. 2020లో మన పెదబయలు మండలంలోనే మందుపాతర పేలి ఇద్దరు గిరిజనులు చనిపోయారు.

సీతమ్మధార సుబ్బు:
విదేశీ డబ్బు మీద ఇంత చర్చ దండగ. 2025 జనవరిలో అమెరికా సాయం ఆపగానే చాలాచోట్ల పని ఆగింది. మన దేశమైతే ఆ ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు.

గాజువాక మాజీ జవాను:
సుబ్బు గారూ, డబ్బు ఆగితే మేం హద్దు రాళ్ళకి ఎర్ర రంగేసి వచ్చేస్తాం, మళ్ళీ వచ్చినప్పుడు అక్కణ్ణించే మొదలెడతాం. పిల్లాడి ఎముక అలా ఆగదు, అమ్మాయి చెప్పింది నిజమే. అయినా సగం ఇమ్మంటే ఒప్పుకోను. పది రూపాయల్లో ఒకటి బాధితులకి ఇద్దాం.

పాడేరు పిల్ల:
ఒకటే ఇవ్వండి సార్. కానీ ఆ పిల్లాడికి పద్దెనిమిది నిండేదాకా ఏటా వస్తుందని ముందే కాగితం మీద పెట్టాలి. ఈ ఏడాది పది, వచ్చే ఏడాది సున్నా అంటే కుదరదు.