80-ఐఏసీ మూడేళ్ళ మినహాయింపా, 22 శాతం పన్నా? వైజాగ్ స్టార్టప్‌కి ఏది గిట్టుబాటు?
(చర్చ మొదలు: 2025 సెప్టెంబర్ మొదటి వారం. రేట్లు, సెక్షన్లు, లెక్కలు అన్నీ అప్పటి చట్టం ప్రకారం; మ్యాట్ రేటు, క్రెడిట్ నిబంధనలు 2026 ఏప్రిల్ నుంచి మారాయి.)

రుషికొండ_గేర్
రిటర్నుల కాలం వచ్చేసింది కాబట్టి ఒక కంపెనీని ఉదాహరణగా పెట్టుకుని తేల్చుకుందాం. 2021 జూలైలో పెట్టిన ప్రైవేట్ లిమిటెడ్. వైద్య పరికరం సొంతంగా డిజైన్ చేసి వైజాగ్‌లోని మెడ్‌టెక్ జోన్‌లో చేయిస్తుంది. స్టార్టప్‌గా డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ) గుర్తింపు ఉంది. స్టార్టప్ లాభానికి మూడేళ్ళు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే సెక్షన్ 80-ఐఏసీ సర్టిఫికెట్‌కి ఇంకా దరఖాస్తు చేయలేదు. 2024 మార్చి నాటికి పేరుకున్న నష్టం రూ. 70 లక్షలు, అందులో తరుగుదల 10. 2024-25లో లాభం 30 లక్షలు. 2025-26 నుంచి ఏటా 60 వస్తుందని అంచనా. ఇలాంటి మినహాయింపులు వదులుకుంటే తక్కువ రేటు ఇచ్చే సెక్షన్ 115బీఏఏ కింద 22 శాతానికి వెళ్ళిపోవాలా, లేక ఆగి మూడేళ్ళ మినహాయింపు తెచ్చుకోవాలా? "నూటికి నూరు శాతం మినహాయింపు" అని పోస్టర్లలో రాస్తున్నారు కదా, మరి ఆడిటర్లంతా ఎందుకు పెదవి విరుస్తున్నారు?

డాబాగార్డెన్స్_లెడ్జర్
ఎందుకంటే ఆ నూరు శాతం పోస్టర్ మీదే ఉంటుంది. 80-ఐఏసీ తీసేది మామూలు పన్నునే. మ్యాట్, అంటే కనీస ప్రత్యామ్నాయ పన్ను, మాత్రం కూర్చునే ఉంటుంది. పుస్తక లాభం (కంపెనీ ఖాతా పుస్తకాల్లో చూపిన లాభం) మీద 15 శాతం, దాని మీద 4 శాతం సెస్, మొత్తం 15.6.

60 లక్షల లాభానికి లెక్క చూడండి. మామూలు దారిలో 26 శాతం, అంటే 15.60 లక్షలు. 115బీఏఏలో సర్‌ఛార్జీ, సెస్ కలిపి 25.168 శాతం, 15.10 లక్షలు. సర్టిఫికెట్ ఉంటే మ్యాట్ 9.36 లక్షలు. ఏడాదికి 5.74 లక్షలు మిగిలేదానికి సర్టిఫికెట్ ఇచ్చే కేంద్ర బోర్డు చుట్టూ తిరగడం, వేరే ఆడిట్ రిపోర్టు, తర్వాత ఆఫీసరు ప్రశ్నలు. కొండని తవ్వి ఎలకని పట్టడమే.

పైగా 115బీఏఏకి వెళ్తే మ్యాట్ అసలు వర్తించదు. మీ ఉదాహరణలో ఇది చాలా ముఖ్యం. పాత నష్టాలు ఉన్నాయి కాబట్టి 2024-25లో 22 శాతం దారిలో పన్ను సున్నా. మ్యాట్ దారిలో సున్నా కాదు. పుస్తకాల్లోని నష్టం, తరుగుదల రెండిట్లో ఏది తక్కువైతే అదే తీసేయనిస్తారు. అంటే 30లోంచి 10 పోయి 20 మీద 3.12 లక్షలు కట్టాలి.

ఎండాడ_ఎక్సెల్
లెడ్జర్ గారూ, లెక్క సగంలో ఆపేశారు. అయిదేళ్ళూ వేయండి, అంకెలన్నీ లక్షల్లో.

22 శాతం దారి: మొదటి ఏడాది (2024-25) సున్నా. రెండో ఏడాది 60లోంచి మిగిలిన నష్టం 40 పోగా 20 మీద 5.03. తర్వాత మూడేళ్ళు 15.10 చొప్పున 45.30. మొత్తం 50.33.

ఆగే దారి: మొదటి ఏడాది మ్యాట్ 3.12, రెండో ఏడాది 9.36, తర్వాత మూడేళ్ళు మినహాయింపు తీసుకుంటూ 9.36 చొప్పున 28.08. మొత్తం 40.56.

తేడా 9.77 లక్షలు ఆగే దారికే అనుకూలం. మొదటి రెండేళ్ళూ 7.45 లక్షలు ఎక్కువ కడతారు నిజమే. కానీ ఏడాదికి 5.74 చొప్పున మినహాయింపు రెండో ఏడాదికల్లా అది వెనక్కి వచ్చేస్తుంది.

ఇంకోటి, కట్టిన మ్యాట్ ఊరికే పోదు. మామూలు పన్ను కంటే ఎక్కువ కట్టినంత మేరకి, తర్వాతి ఏళ్ళ పన్నులో తగ్గించుకునే క్రెడిట్‌గా 15 ఏళ్ళు నిలుస్తుంది. ఈ ఉదాహరణలో అది 35 లక్షల పైమాటే.

డాబాగార్డెన్స్_లెడ్జర్
క్రెడిట్ కాగితం మీద 35 లక్షలు. వాడుకునేది ఎంత? మామూలు పన్ను 26కి, మ్యాట్ 15.6కి మధ్య తేడా, అంటే 60 లక్షల లాభానికి ఏడాదికి 6.24 లక్షలే. మొత్తం కరగడానికి అయిదున్నరేళ్ళకి పైనే పడుతుంది. ఆలోపు విసిగిపోయి 115బీఏఏకి మారారో, మిగిలిన క్రెడిట్ గంగలో కలిసినట్టే. ఆ దారిలో దాన్ని వాడనివ్వరు.

మీ అంచనా ఏటా 60 లక్షల లాభం. ఆసుపత్రుల నుంచి బిల్లులు ఎన్ని నెలలకి వస్తాయో తెలిసినవాళ్ళెవరూ అంత నిబ్బరంగా రాయరు. మినహాయింపు తీసుకునే మూడేళ్ళూ వరసగా ఉండాలి. మధ్యలో ఒక ఏడాది నష్టం వస్తే ఆ ఏడాది వృథా, దాని బదులు నాలుగోది ఇవ్వరు.

ఎండాడ_ఎక్సెల్
అందుకే ఏ ఏడాది మొదలుపెట్టాలో మన చేతిలో పెట్టారు. కంపెనీ పెట్టిన ఏడాదితో కలిపి పదేళ్ళలో ఏ మూడైనా సరే, వరసగా ఉంటే చాలు. ఈ కంపెనీకి 2030-31 వరకూ గడువు ఉంది. చాలామంది చేసే తప్పు, లాభం కనిపించిన మొదటి ఏడాదే క్లెయిమ్ పెట్టేయడం. 2024-25లోనే మొదలుపెడితే ఏమవుతుంది? ఆ 30 లక్షలూ పాత నష్టంలోకే పోతాయి, మినహాయింపుకి మిగిలేది సున్నా. రెండో ఏడాది 20కే. మూడో ఏడాది ఒక్కటే నిండుగా. ముందు నష్టాలు కడిగేసుకోవాలి, తర్వాతే గడియారం తిప్పాలి.

గాజువాక_లేత్
ఇంత లెక్కలేస్తున్నారు, సర్టిఫికెట్ వస్తేగా! 2025 జనవరి నాటికి డీపీఐఐటీ గుర్తింపు ఉన్నవి 1.59 లక్షలు. మే నాటికి 80-ఐఏసీ వచ్చినవి 3,700 చిల్లర. నూటికి రెండు మూడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

లాసన్స్‌బే_నోట్స్
ఆ రెండు అంకెలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తప్పుదోవ పడతాం. గుర్తింపు భాగస్వామ్య సంస్థలకీ ఇస్తారు, మినహాయింపు మాత్రం కంపెనీకి, ఎల్‌ఎల్‌పీకి (పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి) మాత్రమే. 2016 ఏప్రిల్ 1 తర్వాత పుట్టినదై ఉండాలి. లాభం లేనివాళ్ళలో చాలామంది అసలు దరఖాస్తే చేయరు. 2030 ఏప్రిల్ 1 లోపు పుట్టేవాటికి కూడా ఇస్తామని 2025 బడ్జెట్‌లో పొడిగించారు. పద్ధతి మార్చాక 2025 ఏప్రిల్ 30న జరిగిన బోర్డు 80వ సమావేశంలో 112, అంతకుముందు దాంట్లో 75 పాసయ్యాయి. 120 రోజుల్లో తేలుస్తామంటున్నారు.

తిరస్కరణకి గురయ్యేవాటిలో ఒక రకం ఎక్కువ. క్లయింటు చెప్పిన పని చేసి గంటల లెక్కన బిల్లు వేసే సాఫ్ట్‌వేర్ సర్వీసు. అది మంచి వ్యాపారమే కావచ్చు, కానీ బోర్డు అడిగేది కొత్తదనం, లేదా విస్తరించగల నమూనా. "కృత్రిమ మేధ ఆధారిత వేదిక" అని నాలుగు పేజీలు రాసి, జతచేసిన లెక్కల్లో ఆదాయమంతా మనుషుల్ని అద్దెకిచ్చినదే కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. పరికరం చేసేవాళ్ళకి పని తేలిక. మార్కెట్లో ఉన్న పరికరం ఏం కొలుస్తుంది, మనది ఏం కొలుస్తుంది, పరీక్ష రిపోర్టు ఏది, పేటెంట్ దరఖాస్తు నంబరు ఏది. ఈ నాలుగూ ఒక పేజీలో పెట్టండి. మెమోరాండం, మూడేళ్ళ ఆడిటైన లెక్కలు, మూడేళ్ళ రిటర్నులు ఎలాగూ జతచేయాలి. వాటిలో ఆదాయం పేర్లు, ప్రజెంటేషన్‌లో ఆదాయం పేర్లు ఒకేలా ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎక్కువమంది పట్టుబడేది ఇక్కడే.

గాజువాక_లేత్
సరే. సొంత పేరు మీద పదేళ్ళుగా నడిచే వర్క్‌షాపుని ప్రైవేట్ లిమిటెడ్ చేసి, కొత్త ఉత్పత్తి మొదలుపెడితే?

డాబాగార్డెన్స్_లెడ్జర్
అది ప్రమాదం. ఉన్న వ్యాపారాన్ని విడగొట్టి గానీ, పునర్నిర్మించి గానీ పెట్టినదైతే మినహాయింపు రాదు. అవే మెషిన్లు, అవే కస్టమర్లు, అదే షెడ్డు, గేటు మీద పేరు మాత్రం మార్చాం అంటే ఆఫీసరు ఊరుకోడు. పాత మెషినరీ మొత్తం మెషినరీ విలువలో 20 శాతం దాటకూడదు. 50 లక్షల మెషిన్లుంటే పాతవి 10 లక్షల లోపే. కొత్త ఉత్పత్తికి కొత్త కంపెనీ, కొత్త మెషిన్లు, వేరే కొనుగోళ్ళు ఉండాలి. పాత వర్క్‌షాపు దాని మానాన అది నడవాలి.

రుషికొండ_గేర్
పెట్టుబడి వచ్చాక డబ్బు ఎఫ్‌డీలో ఉంటుంది కదా. 3 కోట్లు 7 శాతానికి వేస్తే 21 లక్షల వడ్డీ. అదీ మినహాయింపులోకి వస్తుందా?

లాసన్స్‌బే_నోట్స్
రాదు. చట్టంలో ఉన్న మాట ఆ వ్యాపారం "నుంచి ఉద్భవించిన" లాభం. లిబర్టీ ఇండియా కేసులో 2009లో సుప్రీంకోర్టు ఆ మాటకి ఇరుకైన అర్థమే చెప్పింది. వడ్డీకి మూలం బ్యాంకు, మీ పరికరం కాదు. 21 లక్షల మీద 26 శాతం, 5.46 లక్షలు విడిగా కట్టాలి.

ఎండాడ_ఎక్సెల్
మొదటి ముక్క నిజం, "విడిగా" అన్నది తప్పు. వ్యాపార లాభం 60, వడ్డీ 21, పుస్తక లాభం 81. మ్యాట్ 12.64 లక్షలు. మామూలు పన్ను వడ్డీ మీద 5.46. రెండిట్లో ఏది ఎక్కువైతే అది కడతారు, రెండూ కలిపి కాదు. చేతి నుంచి పోయేది 12.64, క్రెడిట్‌గా నిలిచేది 7.18.

లాసన్స్‌బే_నోట్స్
ఒప్పుకుంటున్నా. దిద్దుకున్నందుకు థాంక్స్.

డాబాగార్డెన్స్_లెడ్జర్
తేదీల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ మినహాయింపు కోసం ఇచ్చే 10సీసీబీ ఫారం ఆడిట్ రిపోర్టు రిటర్ను గడువుకి నెల ముందే అప్‌లోడ్ కావాలి. రిటర్ను గడువు ఒక్కరోజు దాటినా సెక్షన్ 80ఏసీ కింద ఆ ఏడాది మినహాయింపు పోయినట్టే. రిపోర్టు ఆలస్యమైతే అసెస్‌మెంట్ లోపు ఇచ్చామని వాదించడానికి సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. అయినా రిటర్నులు పరిశీలించే బెంగళూరు సీపీసీ కేంద్రం కంప్యూటర్ తీర్పులు చదవదు, కోత పెట్టి నోటీసు పంపుతుంది. తర్వాత అప్పీలు, ఆపైన మన వైజాగ్ ట్రిబ్యునల్. 5.74 లక్షల కోసం ఎన్నేళ్ళు?

మధురవాడ_ఈసాప్
అందరూ లాభం మీదే పడ్డారు. నష్టాల్లో ఉన్న కంపెనీకి కూడా ఈ సర్టిఫికెట్ వల్ల ఒక ఉపయోగం ఉంది, ఉద్యోగుల షేర్లు. 12 లక్షల విలువైన షేర్లు లక్షకి ఇచ్చారనుకోండి. 11 లక్షలు జీతం కింద లెక్క. 30 శాతం స్లాబులో ఉన్నవాడికి సెస్‌తో 3.43 లక్షల టీడీఎస్. షేరు అమ్ముకోవడానికి మార్కెట్ లేదు, చేతిలో రూపాయి రాలేదు, జీతంలోంచి కోత. 80-ఐఏసీ అర్హత ఉన్న కంపెనీ అయితే సెక్షన్ 192(1సీ) కింద ఈ పన్ను వాయిదా వేయొచ్చు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 48 నెలలు, షేరు అమ్మిన రోజు, ఉద్యోగం మానేసిన రోజు, వీటిలో ఏది ముందైతే అప్పటి నుంచి 14 రోజుల్లో కట్టాలి. ఉత్త డీపీఐఐటీ గుర్తింపు దీనికి చాలదు.

మెలిక కూడా చెప్పాలి. షేరు విలువ తర్వాత పడిపోయినా, పన్ను మాత్రం ఉద్యోగి షేర్లు తీసుకునే హక్కు వాడుకున్న రోజు విలువ మీదే. మంచి ఇంజనీరు హైదరాబాద్ వెళ్ళిపోతానంటే 14 రోజుల్లో 3.43 లక్షలు ఎక్కడ నుంచి తేవాలో ముందే ఒప్పందంలో రాసుకోండి.

గాజువాక_లేత్
నన్నడిగితే ప్రభుత్వం తప్పు చోట డబ్బు పోస్తోంది. లాభం వచ్చాక మినహాయింపు ఎవరికి కావాలి? ప్రోటోటైప్ చేసేటప్పుడు కావాలి. సెక్షన్ 35(2ఏబీ) కింద ఒకప్పుడు పరిశోధన ఖర్చుకి రెట్టింపు లాభంలోంచి తీసేయనిచ్చేవారు, దాన్ని 150 శాతం చేసి, 2020-21 నుంచి 100 శాతానికి దించేశారు.

ఎండాడ_ఎక్సెల్
దానికీ లాభం ఉండాలి కదండీ. నష్టంలో ఉన్నవాడికి రెట్టింపు ఖర్చు చూపిస్తే రెట్టింపు నష్టం కాగితం మీద పెరుగుతుంది, అంతే. కాకపోతే ఆ నష్టం ముందుకి తీసుకెళ్ళొచ్చు, అది మీ వాదనకి బలమే.

రుషికొండ_గేర్
లెడ్జర్ గారి భయాలు కొట్టిపారేయను, కానీ ఒకటి తేలింది. 115బీఏఏకి పెట్టే 10-ఐసీ ఫారం ఒకసారి దాఖలు చేస్తే వెనక్కి రాలేం, 80-ఐఏసీ తలుపు మూసుకుపోతుంది. దరఖాస్తు తిరస్కరించినా వచ్చే ఏడాది 22 శాతానికి వెళ్ళొచ్చు. కాబట్టి 2024-25కి 3.12 లక్షలు మ్యాట్ కట్టి, 10-ఐసీ ఆపి, బోర్డుకి దరఖాస్తు పెట్టాలి.

డాబాగార్డెన్స్_లెడ్జర్
3.12 కడుతున్నారని మేనేజ్‌మెంట్‌కి ముందే చెప్పండి. అడ్వాన్స్ టాక్స్ కట్టకపోతే వడ్డీ కూడా కలుస్తుంది, అది నా లెక్కలోనూ లేదు, ఎక్సెల్ గారి లెక్కలోనూ లేదు.